జీవక వైద్యుడు

సుమారు 2,500 సంవత్సరములకు పూర్వము మగధదేశమునకు రాజగృహము రాజధానిగా నుండెను. కొండల నడుమ కోటవలె నున్న యా పట్టణమును బింబిసార మహారాజు పాలించుచుండెను. ఆ నగరమున నృత్యగీతములందును వీణావాదనమునందును ఆరితేరిన సాలవతి యను గణిక యొకతె యుండెను. ఆమెకు మగశిశువు కలిగెను. ఆ సంగతి లోకమునకు తెలిసినచో తన వృత్తికి భంగము కలుగునని తలచి, ఆమె యా పసికందును ఒక పాతచేటలో పరుండబెట్టించి, దాసిచేత చెత్తకుప్పపై పారవేయించెను.

ఆ ప్రొద్దుననే బింబిసారుని కుమారుడగు అభయుడు రాజదర్శనమునకు పోవుచుండెను. కుప్పపై కాకులు మూగియుండుట చూచి, అదేమని సేవకులను అడిగెను. వారు పోయి చూచి శిశువని చెప్పిరి. బ్రతికియున్నదా యని రాజకుమారుడు మరల నడిగెను. బ్రతికియున్నదని వారు బదులు చెప్పిరి. పాలిభాషలో ఆ మాటను జీవతి యందురు. ఆ మాటయే బిడ్డకు పేరయ్యెను, అతడు జీవకుడయ్యెను. రాజకుమారుని యింట పెరిగినవాడు గనుక కుమారభృత్యుడనియు పిలువబడెను. పాలిగ్రంథములలో ఈ పేరు కోమారభచ్చ యని కనబడును. ఆయుర్వేదమున శిశువైద్యమునకు కౌమారభృత్యమని పేరు గలదు గనుక, ఈ బిరుదు అతని విద్యను బట్టి వచ్చినదని చెప్పు పండితులును గలరు. చెత్తకుప్పనుండి రాజమందిరమునకు చేరిన బాలుని కథకు మొదటి యర్థమే తగియున్నదని నాకు తోచును.

పెరిగి పెద్దవాడైన పిమ్మట జీవకుడు ఒకనాడు అభయుని సమీపించి తన తల్లిదండ్రులెవ్వరని యడిగెను. తల్లిని తానెరుగననియు, పెంచినవాడను గనుక తండ్రిని తానేననియు రాజకుమారుడు చెప్పెను. ఆ మాటలో ప్రేమకు కొదువ లేదు. కాని రాజుల యిండ్లలో విద్య లేనివానికి నిలుకడ లేదని జీవకుడు గ్రహించెను. తనకు వంశము చెప్పుకొనుటకు లేదు, పొలము పుట్ర లేదు. చేతిలో విద్య యొకటి యున్నచో దానిని ఎవ్వరును లాగుకొనజాలరు. ఇట్లు తలపోసి అభయునితోనైనను చెప్పక బయలుదేరి తక్షశిలకు పోయెను.

తక్షశిల నేటి పాకిస్తాను దేశమున రావల్పిండికి చేరువ నున్నది. రాజగృహమునుండి అది 1,500 కిలోమీటర్లకు మించిన దూరము. అంత దూరము పోయి, దిక్కులన్నిట పేరు వినబడు వైద్యాచార్యుని ఆశ్రయించి జీవకుడు ఏడు సంవత్సరములు చదివెను. చాల నేర్చెను, వేగముగా నేర్చెను, నేర్చినదానిని మరువలేదు. అయినను ఈ విద్యకు అంతమెచ్చటనో కనబడకుండెను. ఆ దిగులును గురువునకు విన్నవింపగా, ఆయన శిష్యునిచేతికి తవ్వుకోల యిచ్చి, తక్షశిలకు నలుదెసల యోజనము మేర తిరిగి మందుకు పనికిరాని మొక్క యేది కనబడినను దానిని తెమ్మని పంపెను.

జీవకుడు గట్లు, గుట్టలు, చెరువుకట్టలు గాలించెను. త్రొక్కబడుచున్న గడ్డిపోచనైనను విడువక పెకలించి చూచెను. ఒకదాని వేరు, ఇంకొకదాని బెరడు, వేరొకదాని యాకు ఏదో యొక రోగమునకు మందుగా తెలిసియేయున్నది. తుదకు వట్టిచేతులతో తిరిగివచ్చి, మందు కాని మొక్క యొక్కటియు దొరకలేదని చెప్పెను. గురువు సంతోషించి, చదువు ముగిసినదని చెప్పి, దారిబత్తెమునకు కొంచెము ధనమిచ్చి పంపెను. పరీక్షలు పెట్టుటయే వృత్తిగా చిరకాలము గడపినవాడను నేను. పుస్తకమును కంఠస్థము చేసినవానికిని, కన్నులు తెరచి లోకమును చూచినవానికిని గల భేదమును ఒక్క ప్రశ్నతో తేల్చినది ఇట్టి పరీక్ష మరియొకటి నా యెరుకలో లేదు.

గురువిచ్చిన ధనము సాకేతపురము చేరునప్పటికి ఖర్చైపోయెను. ముందు దారి ఎడారి. అన్నము దొరకదు, నీరు దొరకదు. ఏమైన సంపాదించిన గాని కదలుటకు వీలులేదు. ఆ పట్టణమున ఒక శ్రేష్ఠి భార్య ఏడేండ్లుగా తలనొప్పితో బాధపడుచుండెను. పేరుపొందిన వైద్యులెందరో వచ్చి ధనము తీసికొని పోయిరే కాని నొప్పి పోలేదు. జీవకుడు ద్వారపాలకునిచేత కబురంపెను. వైద్యుని వయస్సెంతయని ఆమె యడిగించెను. పడుచువాడని విని, ముసలివారే చేయలేనిది పడుచువాడేమి చేయునని నిరాకరించెను. రోగము కుదిరిన పిమ్మట తోచినంత యిమ్మనియు, ముందుగా కాసైనను వద్దనియు జీవకుడు మరల చెప్పి పంపెను. ఆ షరతునకు ఆమె యొప్పుకొనెను.

అతడు చేరెడు నేతిని పలువిధములైన మందులతో కాచి, ఆమెను వెల్లకిల పరుండబెట్టి ముక్కులో పోసెను. నేయి నోటిలోనికి దిగెను. ఆమె దానిని పాత్రలో నుమిసి, దూదితో ఎత్తుమని దాసికి ఆజ్ఞాపించెను. జీవకునకు గుండె జారెను. పారవేయవలసిన నేతిని సయితము ఎత్తి దాచుకొను పిసినారి తనకేమి యిచ్చునని అతడు దిగులుపడెను. ఆమె అతని ముఖము చూచి సంగతి కనిపెట్టి, దాసదాసీజనుల కాళ్లకు రాయుటకో దీపమునకో పనికివచ్చు వస్తువును పారవేయుట గృహిణికి తగదనియు, అతని బహుమానమునకు లోపము రాదనియు చెప్పెను. ఏడేండ్ల నొప్పి ఒక్క చికిత్సతో పోయెను. ఆమె 4,000 కార్షాపణములిచ్చెను. కుమారుడు, కోడలు, భర్త తలకొక 4,000 ఇచ్చిరి. పైగా గుఱ్ఱములు పూన్చిన రథమును, దాసుని, దాసిని కూడ నొసగిరి.

జీవకుడు రాజగృహమునకు తిరిగివచ్చి ఆ 16,000 కార్షాపణములను అభయుని యెదుట పెట్టి, తన్ను పెంచినందులకు స్వీకరింపుమని వేడెను. రాజకుమారుడు ఆ ధనమును ముట్టక, తన నగరిలోనే యిల్లు కట్టుకొనుమని మాత్రము చెప్పెను.

అటుపిమ్మట బింబిసార మహారాజునకు భగందరవ్యాధి కలిగెను. కట్టుబట్టకు నెత్తురంటుట చూచి రాణులు పరిహసించుచుండిరి. రాజు సిగ్గుతో కుమిలిపోవుచుండెను. అభయుడు చెప్పగా జీవకుడు పోయి, గోటిసందున తీసికొనిపోయిన మందుతో ఒక్క పూతలో దానిని నయము చేసెను. రాజు 500 మంది అంతఃపుర స్త్రీల యాభరణములను రాశిగా పోయించి యిచ్చెను. జీవకుడు వానిని ముట్టక, తన సేవను జ్ఞాపకముంచుకొనుట చాలునని మనవి చేసెను. నాటినుండి అతడు రాజునకును, అంతఃపురమునకును, బుద్ధుని భిక్షుసంఘమునకును వైద్యుడుగా నియమింపబడెను.

రాజగృహమున ఒక శ్రేష్ఠికి శిరోరోగము ముదిరి, ఐదవనాడు మరణించునని కొందరు, ఏడవనాడని కొందరు వైద్యులు చెప్పి విడిచిపెట్టిరి. రాజానుమతితో జీవకుడు పోయి, కుడిప్రక్క ఏడు మాసములు, ఎడమప్రక్క ఏడు మాసములు, వెల్లకిల ఏడు మాసములు కదలక పండుకొనగలడా యని రోగిని అడిగెను. ప్రాణముమీది తీపిచే అతడు సరేయనెను. జీవకుడు అతనిని మంచమునకు బంధించి, తలచర్మము కోసి, కపాలపు అతుకును విప్పి, లోపలినుండి రెండు క్రిములను వెలికితీసి చూపి, మరల కుట్టి లేపనము పూసెను. ఏడు దినములు గడచునప్పటికే రోగి ఇక నొకవైపు పరుండజాలనని మొరపెట్టుకొనెను. రెండవవైపునను అంతియే, వెల్లకిలను అంతియే. మూడు వారములకు జీవకుడు అతనిని లెమ్మనెను. ఏడు మాసములని చెప్పియుండనిచో ఏడు దినములైనను పరుండెడివాడు కాడని అప్పుడు నవ్వుచు చెప్పెను. రోగి తన సర్వస్వమును ఇత్తుననగా, రాజునకు లక్ష, తనకు లక్ష చాలునని చెప్పెను. కాశీపట్టణమున ఒక శ్రేష్ఠికుమారుడు పిల్లిమొగ్గలు వేయుచు ప్రేగు మెలివడి తిన్నది జీర్ణము గాక కృశించుచుండగా, కడుపు కోసి ముడి విప్పి బ్రతికించిన కథయు ఇట్టిదే.

ఇవన్నియు వినయపిటకమున చెప్పబడిన సంగతులు. క్రిముల మాట నేటి వైద్యులు ఒప్పుకొనకపోవచ్చును. కాని రోగి ప్రక్కన కూర్చుండి అతని మనస్సు పట్టు నెరిగి మాటలాడిన వైద్యుడు మాత్రము ఈ కథలలో స్పష్టముగా కనబడుచున్నాడు.

అతని ప్రాణమునకే ముప్పు వచ్చిన సందర్భ మొకటి గలదు. ఉజ్జయినీరాజగు ప్రద్యోతుడు మహాకోపి. లోకులు అతనిని చండప్రద్యోతుడని పిలిచెడివారు. అతనికి పాండురోగము వచ్చెను. ఎందరు వైద్యులు చూచినను కుదురక, బింబిసారునకు కబురంపి జీవకుని పిలిపించుకొనెను. జీవకుడు పరీక్షించి, నేతితో మందు కాచి యిత్తుననెను. నేయి యన్న తనకు పరమాసహ్యమనియు, అది లేకుండ చేయగలిగిన చేయుమనియు రాజు చెప్పెను. ఆ రోగమునకు నేయి లేక మందు లేదు. నేయియని తెలిసిన వైద్యుని తల నిలువదు. మందీయక పోయినచో రోగి బ్రతుకడు.

జీవకుడు ఆలోచించి నేతిని రంగునందు, వాసనయందు, రుచియందు కషాయమువలె నుండునట్లు కాచెను. కాని నేయి కడుపులో జీర్ణమగునపుడు త్రేనుపు వచ్చును. త్రేనుపుతో గుట్టు బయటపడును. అందుచే ముందుగనే రాజుకడకు పోయి, వైద్యులు వేళగాని వేళ మూలికలు త్రవ్వి తేవలసియుండును గనుక, ఏ వాహనము కోరిన ఆ వాహనము, ఏ ద్వారము కోరిన ఆ ద్వారము తనకు తెరచి యుంచునట్లు ఆజ్ఞ పొందెను. ప్రద్యోతునకు భద్రవతిక యను ఆడేనుగు గలదు. అది ఒక్కదినమున ఏబది యోజనములు నడచునని ప్రతీతి. జీవకుడు కషాయమని చెప్పి నేతిని రాజుచేత త్రాగించి, గజశాలకు పోయి భద్రవతికనెక్కి నగరము దాటిపోయెను.

అనుకొన్నట్లే త్రేనుపు వచ్చెను. రాజు మండిపడి, అరువది యోజనములు నడువగల కాకుడను దాసుని పిలిచి, జీవకుని పట్టి తెమ్మనియు, వైద్యులు మాయలమారులు గనుక అతడేమి పెట్టినను తినవలదనియు చెప్పి పంపెను. కాకుడు కౌశాంబిలో జీవకుని కలిసికొనెను. జీవకుడు అప్పుడు ఫలాహారము చేయుచుండెను. తొందరపడక, తినువరకు ఆగుమని చెప్పి, కాకుని కూడ తినుమనెను. అతడు రాజాజ్ఞ చెప్పి నిరాకరించెను. జీవకుడు ఉసిరికాయ నొకదానిని తినుచు, నీరు త్రాగుచు, గోటిలో నున్న మందు నంటించి మిగిలిన కాయను, నీటిని కాకునకు చూపెను. వైద్యుడే తినుచున్న కాయ, వైద్యుడే త్రాగుచున్న నీరు గదా యని కాకుడు సగము కాయ తినెను. అక్కడనే విరేచనములు పట్టుకొని కూలబడెను. తాను బ్రతుకుదునా యని అతడు భయపడి యడుగగా, భయము లేదనియు, అతడును రాజును ఇద్దరును స్వస్థులగుదురనియు, రాజు కోపి గనుక తాను తిరిగి రాననియు చెప్పి, ఏనుగును అతనికి అప్పగించి జీవకుడు రాజగృహమునకు సాగిపోయెను.

ప్రద్యోతుడు నిజముగనే స్వస్థుడయ్యెను. కోపము చల్లారెను. వరమిత్తును రమ్మని కబురంపెను. జీవకుడు పోలేదు, తన సేవను తలచుకొనుట చాలునని మాత్రము చెప్పి పంపెను. అంతట రాజు శివిదేశపు వస్త్రముల జత నొకదానిని పంపెను. వేలకొలది జతలలో ఏరి తీసిన మేలురకపు వస్త్రములవి. వానిని ధరించుటకు బుద్ధుడో బింబిసారుడో తప్ప మరెవ్వరును తగరని జీవకుడు వానిని దాచియుంచెను. రోగిని మోసగించి మందిచ్చుట తగునా యని మీలో నెవరైన నడుగవచ్చును. తెలివిగల రోగి వద్దన్నపుడు నేటి వైద్యుడు అట్లు చేయరాదు. కాని జీవకుడు ఆ మోసమునకు పందెముగా ఒడ్డినది ఎదుటివాని ప్రాణము కాదు, తన ప్రాణము.

ఆ కాలముననే బుద్ధభగవానునకు దేహమున దోషములు ప్రబలి విరేచనము కావలసివచ్చెను. శిష్యుడగు ఆనందుడు వచ్చి చెప్పగా, కొన్ని దినములు భగవానుని శరీరమునకు నూనె పట్టించి మృదువుగావింపుమని జీవకుడు చెప్పి పంపెను. ఆనందుడు అట్లే చేసెను. అటుపైని మామూలు మందు ఇచ్చుట తగదని యెంచి, జీవకుడు మూడు గుప్పిళ్ల కలువలకు మందులను పట్టించి, వానిని వాసన చూచినంతనే ఫలించునట్లు చేసెను. పిమ్మట వేడినీటి స్నానము, బలము వచ్చువరకు తేలికపాటి జావ. చికిత్స ముగిసిన పిదప జీవకుడు శివిదేశపు వస్త్రములను భగవానుని ముందుంచి, గృహస్థులిచ్చు వస్త్రములను భిక్షువులు స్వీకరించునట్లు అనుమతింపుమని వరము కోరెను. అంతవరకు భిక్షువులు చెత్తకుప్పలమీదను శ్మశానములందును దొరకిన గుడ్డపీలికలు కుట్టుకొని ధరించుచుండిరి. బుద్ధుడు అనుమతించెను, పీలికలే కావలెననువారు వానినే ధరింపవచ్చుననియు చెప్పెను. కుప్పలపైని బట్టలు కట్టువారికి కొత్తబట్టలు ఇప్పించినవాడు ఒకనాడు కుప్పపైనే దొరకిన బిడ్డ.

జీవకుని కీర్తివలన ఒక చిక్కు కూడ కలిగెను. మగధమున కుష్ఠము, వ్రణములు, కిలాసము, క్షయ, అపస్మారము అను ఐదు వ్యాధులు ప్రబలెను. రోగులు జీవకునికడకు వచ్చి తమ సర్వస్వమును ఇత్తుమని ప్రాధేయపడిరి. రాజునకును, అంతఃపురమునకును, సంఘమునకును చేయవలసిన పని మిక్కుటముగా నున్నదనియు, తనకు తీరదనియు అతడు చెప్పెను. రోగులకు వేరుదారి తోచలేదు. సంఘమున చేరిన జీవకుడు వైద్యము చేయును, భిక్షువులు శుశ్రూష చేయుదురు గదా యని తలలు గొరిగించుకొని భిక్షువులైరి. రోగము కుదిరినంతనే కాషాయములు విడిచి యిండ్లకు పోవుచుండిరి. సంఘమున రోగులకు కావలసిన అన్నము, మందు యాచించుటతోనే భిక్షువులకు దినము గడచిపోవుచుండెను. జీవకునకు రాజుపని కూడ వెనుకబడుచుండెను.

ఒకనాడు జీవకుడు అట్టివాని నొకనిని బట్టలు మార్చుకొని పోవుచుండగా చూచి, అడిగి, నిజము తెలిసికొనెను. అతనికి కష్టము తోచి బుద్ధునికడకు పోయి, ఈ ఐదు వ్యాధులు గలవారికి సన్న్యాసమీయవలదని వేడుకొనెను. నాటినుండి అది సంఘమున నియమమయ్యెను. సంఘమునకు అది అవసరమే కావచ్చును. కాని ఆ నియమము వచ్చిన మరునాడు తలుపు ముందు నిలిచి వెనుదిరిగిన రోగి యేమైయుండునో వినయపిటకము చెప్పలేదు. ఇంత గొప్ప వైద్యుని చేయి అందరికిని చాలకపోవుట చదివినపుడెల్ల నాకు బాధ కలుగును. విద్య ఒక్కని చేతిలోనే యున్నచో అతడెంత మంచివాడైనను ఇట్లే జరుగును.

వైశాలిలో గృహస్థులు భిక్షువులకు వరుసగా మృష్టాన్నములు పెట్టుచుండిరి. వారు ఒడలు బరువెక్కి రోగగ్రస్తులైరి. పనిమీద అచటికి పోయిన జీవకుడు అది చూచి మందు చెప్పలేదు. నడచుటకు చంక్రమణపథమును, చెమట పట్టుటకు వేడిగదిని కట్టించుకొనుటకు అనుమతింపుమని బుద్ధుని కోరెను. శరీరమును కదలించుట, వేడి తగిలించుట, నూనె పట్టించుట ఇవి అతని వైద్యమున మందులతో సమానమైన స్థానము పొందియుండెను. ఈ సంగతి ముందు కథకు కావలసియున్నది.

జీవకుడు రాజగృహమున తన మామిడితోటను బుద్ధునకు సమర్పించి అందు విహారము కట్టించెను. బింబిసారుని కుమారుడగు అజాతశత్రువు తండ్రిని చంపించి రాజైన పిమ్మట మనశ్శాంతి లేక తపించుచుండెను. ఒక వెన్నెలరాత్రి ఎవరి దర్శనము చేసిన మనస్సు చల్లబడునని అతడు మంత్రుల నడిగెను. తలకొక పేరు చెప్పిరి. తన్ను ఆదరించిన ప్రభువును చంపించినవాని ప్రక్కన జీవకుడు మౌనముగా కూర్చుండెను. రాజు అతనిని ప్రత్యేకముగా అడిగినపుడు, బుద్ధుడు తన మామిడితోటలో నున్నాడని చెప్పెను. ఏనుగులపై పోవుచు తోట సమీపించునప్పటికి రాజునకు భయము పుట్టెను. 1,250 మంది భిక్షువులున్న చోట దగ్గు, తుమ్ము సయితము వినబడకుండుట చూచి, జీవకుడు తన్ను శత్రువులకు అప్పగించుచున్నాడేమో యని వణకెను. జీవకుడు ధైర్యము చెప్పి, మండపమున వెలుగుచున్న దీపములను చూపి లోపలికి నడిపించుకొనిపోయెను. నేటి బీహారురాష్ట్రమున రాజగీర్ వద్ద 1950ల దశకమున జరిగిన త్రవ్వకములలో అండాకారముగల పెద్ద కట్టడముల పునాదులు బయటపడెను. అదియే జీవకుని ఆమ్రవనమని చెప్పుదురు.

మన దేశమున జీవకుని పేరు పండితుల గ్రంథములలో మిగిలిపోగా, తూర్పున నున్న శ్యామదేశమున, అనగా నేటి థాయిలాండున, అది నేటికిని ప్రతిదినము పలుకబడుచున్నది. అచట అతనిని చీవక కోమారఫత్ అని పిలిచి, తమ మర్దనవైద్యమునకు ఆదిగురువుగా కొలుతురు. జీవకుడు శ్యామదేశమునకు పోయినట్లుగాని, చేతులతో మర్దనము చేసినట్లుగాని పాలిగ్రంథములలో లేదు. బౌద్ధధర్మముతోపాటు పాలిగ్రంథములు ఆ దేశమునకు చేరెను. బుద్ధుని వైద్యుని కథయు వానితో చేరెను. అచ్చటి వైద్యులు తమ చేతిపనికి అతనిని గురువుగా ఎన్నుకొనిరి. ఏకలవ్యుని కథ తెలిసిన మనకు ఇది వింతగా తోచనక్కరలేదు.

1687వ సంవత్సరమున ఫ్రాన్సు రాజదూతగా శ్యామదేశమునకు వచ్చిన లా లూబేర్ అను నతడు, అచట రోగము వచ్చిన వెంటనే నేర్పరియైనవానిచేత దేహమంతయు పిసికించుకొందురనియు, అతడు రోగి శరీరముమీద కాళ్లతో త్రొక్కుననియు వ్రాసియున్నాడు. 1767లో బర్మాసేనలు అయుధ్యారాజధానిని తగులబెట్టినపుడు ఎన్నో గ్రంథములు నశించెను. తాటాకులు, కాగితములు అగ్గికి ఆహుతియగునని ఆ దేశస్థులు అనుభవముచే తెలిసికొనిరి. 1824 నుండి 1851 వరకు పాలించిన మూడవ రామరాజు బ్యాంకాకులోని వాత్ ఫో ఆలయమును 1832లో పునరుద్ధరింప నారంభించి, మిగిలిన విద్యలనెల్ల పాలరాతిపై చెక్కించి గోడలకు పొదిగించెను. అందు మర్దనమునకు సంబంధించిన ఫలకములు అరువది. మనుష్యాకృతులు గీసి, ఎచ్చట నొక్కిన ఏ బాధ తీరునో ఆ తావులను గీతలతో చూపిరి. శరీరమును సాగదీయు ఋషుల ప్రతిమలను కూడ 1836లో దాదాపు ఎనుబది పోత పోయించిరి. నేడు వానిలో కొన్ని మాత్రమే మిగిలినవి. చదువ నేర్చినవాడెవడైనను గోడముందు నిలిచి ఈ విద్యను తెలిసికొనవచ్చును. జీవకుని వాకిట వెనుదిరిగిన రోగులు నాకిక్కడ జ్ఞప్తికి వచ్చుచున్నారు. ఈ శాసనములను 2011లో యునెస్కోసంస్థ ప్రపంచస్మృతి పట్టికలో చేర్చెను.

ఈ మర్దనమును వారు నువాద్ అందురు. రోగి వదులైన బట్టలు ధరించి నేలపై పరచిన పరుపుమీద పండుకొనును. మన యిండ్లలో పసిబిడ్డలకు చేయునట్టి నూనెమర్దనము కాదిది. సామాన్యముగా నూనె వాడరు. వైద్యుడు పాదములనుండి యారంభించి, బొటనవ్రేళ్లతోను, అరచేతులతోను నెమ్మదిగా బరువు మోపుచు పైకి పోవును. నడుమ కాళ్లను, చేతులను, వెన్నును వంచి సాగదీయును. సామాన్యజనుల పద్ధతిలో మోచేయి, మోకాలు, పాదము కూడ ఉపయోగింతురు. రాజోద్యోగులకు చేయు ఆస్థానపద్ధతిలో మర్యాదకొరకు దూరముగా కూర్చుండి చేతులను మాత్రమే వాడుదురు. దేహమున పది ముఖ్యమైన మార్గములు గలవనియు, అవి నాభిప్రాంతమున పుట్టి వ్యాపించుననియు, వానిలో వాయువు అడ్డుపడిన నొప్పి పుట్టుననియు వారి మతము. వానిలో కొన్నింటి పేర్లు వినినచో మన యోగశాస్త్రమునందలి ఇడ, పింగళ, సుషుమ్న జ్ఞప్తికి వచ్చును. ఈ మార్గములు శస్త్రవైద్యుని కత్తికి దొరకునవి కావు. అయినను నడుమునొప్పి, మెడ పట్టు, కండరముల బిగువు ఈ మర్దనముచే సడలుననియు, కీళ్లు చక్కగా వంగుననియు, మనస్సు నెమ్మదించుననియు నేటి వైద్యులు పరీక్షించి ఒప్పుకొన్నారు. పసుపు, నిమ్మగడ్డి, కర్పూరము, ప్లాయి యను అల్లపుజాతి దుంప మొదలగువానిని గుడ్డలో మూటగట్టి ఆవిరిపట్టి నొప్పియున్న చోట అద్దుటయు గలదు. విరిగిన ఎముకమీదను, జ్వరమున్నపుడును, పుండుపైనను, రక్తనాళములు గడ్డకట్టిన కాలిమీదను నొక్కరాదు. గర్భిణులకు చేయవలసివచ్చిన మిక్కిలి జాగ్రత్త కావలెను.

1955లో వాత్ ఫో ఆలయమున ఈ సంప్రదాయవైద్యమునకు పాఠశాల నెలకొల్పబడెను. దానివలన మర్దనవిద్య దేశదేశములకు వ్యాపించెను. 2019లో యునెస్కోవారు దీనిని మానవజాతి సాంస్కృతికవారసత్వములలో చేర్చిరి. పని మొదలుపెట్టుటకు ముందు అచ్చటి మర్దకులు కన్నులు మూసి, చేతులు జోడించి, పాలిభాషలో జీవకుని స్మరింతురు. పిమ్మట రోగి పాదములను పట్టుకొందురు.